ఇగం కాలంలో పెరిగే చావులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలపు మరణాల గురించి నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మన దగ్గర మంచు కురవదు, నీళ్లు గడ్డకట్టవు. అయినా పుష్యమాసం వచ్చిందంటే ఊళ్లో ముసలివాళ్లు ఒకరి వెనక ఒకరు పోతుంటారు. ఇంటివాళ్లు చలికి పోయాడంటారు, డాక్టరు గుండెపోటు అంటాడు. ఎవరి మాట నిజం? (మిర్యాలగూడ)

ఇద్దరిదీ నిజమే. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగి చనిపోవడం మన దిక్కు అరుదు. బట్టలు తడిసి బయట ఉండిపోయినవాళ్లకు, తాగి పడిపోయినవాళ్లకు, ఇల్లూ దిక్కూ లేనివాళ్లకు అది జరుగుతుంది. మిగిలినవాళ్లను చలి గుండెపోటు, పక్షవాతం, ఆయాసం అనే పేర్ల మీద తీసుకుపోతుంది.

చలి తగిలితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. చర్మం వైపు పోయే రక్తం లోపలికి మళ్లుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని కిడ్నీలు మూత్రం ఎక్కువగా పంపేస్తాయి. చలికి దాహం వేయదు కాబట్టి పోయిన నీళ్లు తిరిగి రావు. రక్తం చిక్కబడి, గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండె నాళం అప్పటికే సన్నబడి ఉన్న మనిషికి ఇంత చాలు. ఊపిరితిత్తుల జబ్బు ఉంటే చల్లటి పొడి గాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. తలుపులన్నీ మూసిన ఒకే గదిలో పొయ్యి పొగ, పక్కవాళ్ల దగ్గు కూడా తోడవుతాయి.

ఈ చావులు చలి బాగా పెట్టిన రాత్రే రావు. వడదెబ్బ ఒకటి రెండు రోజుల్లో తేల్చేస్తుంది. చలి ప్రభావం రెండు మూడు వారాలు సాగుతుంది. సంక్రాంతి ముందు ఇగం పెడితే, ఆ దెబ్బకు మనిషి జనవరి నెలాఖరున, ఎండ కాస్తున్న రోజున పోవచ్చు. రెంటికీ ముడి ఉందని ఎవరికీ తోచదు.

13 దేశాల మరణాల వివరాలతో 2015లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మొత్తం చావుల్లో 7.29 శాతానికి చలి, 0.42 శాతానికి ఎండ కారణమని తేలింది. ఆ చలిలో కూడా ఎక్కువ భాగం గడ్డకట్టించేది కాదు, మామూలు చలే. మన దేశంలో 2001 నుంచి 2013 వరకు జరిగిన మరణాల మీద 2018లో వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. పక్షవాతం చావుల్లో దాదాపు 27 శాతాన్ని అది మధ్యరకం చలి ఖాతాలో వేసింది. ఆ ఖాతాలోకి 13.8 నుంచి 30 డిగ్రీల దాకా వస్తుంది. 30 డిగ్రీలను చలి అంటే పాలమూరులో నవ్వుతారు గానీ, నల్లగొండ డిసెంబరు రాత్రులు ఆ లెక్కలోనే ఉన్నాయి.

హెచ్చరికల సంగతి కూడా తెలుసుకోండి. మైదాన ప్రాంతంలో వాతావరణ శాఖ శీతల గాలులని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో దిగాలి, ఆ రోజుల్లో ఉండాల్సినదానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. 13 డిగ్రీల రాత్రికి ఏ హెచ్చరికా రాదు. హెచ్చరిక వచ్చినప్పుడే జాగ్రత్త పడదామనుకుంటే మన జిల్లాల్లో చాలా చలికాలాలు జాగ్రత్త లేకుండానే గడిచిపోతాయి.

ప్రశ్న: చలికాలపు మరణాలకూ పేదరికానికీ సంబంధం లేదని బ్రిటన్ పరిశోధనల్లో తేలిందని చదివాను. ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను, మనకూ అంతేనా? (ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థిని, మహబూబ్‌నగర్)

మీరు చదివింది నిజమే. బ్రిటన్ వృద్ధుల మీద 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో పేద ప్రాంతాలవాళ్లే చలికి ఎక్కువ పోతున్నారన్న రుజువు దొరకలేదు. అంతకుముందు కొన్ని పట్టణాల్లో చూసినవాళ్లకూ దొరకలేదు. కానీ "రుజువు దొరకలేదు" అన్న మాట మీ ప్రాజెక్టులోకి ఎక్కేటప్పటికి "సంబంధం లేదు"గా మారకూడదు.

అక్కడ పేదరికాన్ని కొలిచింది ఇంటింటికీ కాదు, ప్రాంతాలవారీగా. పేదలు చాలామంది ప్రభుత్వం కట్టించిన కొత్త ఇళ్లలో ఉంటారు, అవి కాస్త వెచ్చగా ఉంటాయి. పాతకాలపు సొంత రాతి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ ప్రాంతం లెక్కలో పేద కాదు, ఇల్లు మాత్రం ఐసు. ఇంటి వయసును బట్టి చూసినప్పుడు తేడా బయటపడింది. 1850కి ముందు కట్టిన ఇళ్లలో చలికాలపు అదనపు మరణాలు (మిగతా నెలల సగటుకన్నా చలి నెలల్లో ఎక్కువైన చావులు) 28 శాతం, 1980 తర్వాతి ఇళ్లలో 15 శాతం. బ్రిటన్ ప్రజారోగ్య నిపుణుడు మైకేల్ మార్మట్ బృందం 2011లో ఇచ్చిన నివేదిక, అక్కడి చలికాలపు అదనపు మరణాల్లో 21.5 శాతం చల్లటి ఇళ్ల వల్లేనని లెక్కగట్టింది.

లెక్క కట్టే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. అదనపు మరణాలను శాతంగా చెబుతారు. ఉన్నవాళ్ల పేటలో మామూలు నాలుగు నెలలకు 100 చావులు, చలి నాలుగు నెలల్లో 120 అనుకుందాం. అంతే జనాభా ఉన్న పేదల పేటలో మామూలుగానే 200, చలిలో 240. రెండుచోట్లా 20 శాతమే. శాతం చూసినవాడు తేడా లేదంటాడు, కానీ పేదల పేటలో అదనంగా పోయినవాళ్లు రెండింతలు. పేదరికం ఏడాది పొడవునా చంపుతుంటే చలికాలపు శాతం దాన్ని దాచేస్తుంది. మీ ప్రాజెక్టులో శాతం పక్కన వెయ్యి మందికి ఎందరన్నది కూడా తప్పకుండా వేయండి.

యూరప్ నుంచే ఇంకో లెక్క. 1988-97 మధ్య 14 దేశాలను పోల్చితే, చలి ఎముకలు కొరికే ఫిన్లండ్‌లో చలికాలపు అదనపు మరణాలు 10 శాతం, చలి తక్కువుండే పోర్చుగల్‌లో 28 శాతం. ఫిన్లండ్ ఇళ్లు చలికోసమే కట్టినవి. బయట 7 డిగ్రీలున్న రోజున దక్షిణ ఫిన్లండ్ ఇళ్ల లోపల సగటున 21.7 డిగ్రీలు, ఏథెన్స్ ఇళ్లలో 19.2 ఉంటాయని 1997లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అదే చలికి బయటికి పోయేటప్పుడు ఫిన్లండ్‌లో 72 శాతం మంది టోపీ పెట్టుకుంటే, ఏథెన్స్‌లో 13 శాతమే పెట్టుకున్నారు. చలి తక్కువున్నచోట చలికి ఎవరూ సిద్ధంగా ఉండరు. మనం ఏథెన్స్ జాబితాలోని వాళ్లమే.

మన దగ్గర మాత్రం ప్రాంతాల సూచికతో పని లేదు, పేదరికం చలిగా మారే దారి కంటికి కనిపిస్తుంది. యాసంగి నాట్లు చూడండి. గుత్తకు తీసుకుంటే ఎకరాల లెక్కన డబ్బులు, కాబట్టి చీకటి ఉండగానే ఓపెన్ ఆటోలో బయలుదేరుతారు. దారంతా గాలి కొడుతుంది, దిగగానే మోకాలి లోతు బురదలో నారు పీకాలి. తడిసిన చీర ఒంటి మీదే ఆరుతుంది. ఆరే చీర ఒంటి వేడినే తాగుతుంది. చలికి నారు ఎర్రబడకుండా రాత్రిపూట పట్టా కప్పి పొద్దున తీయాలనీ, పొద్దున్నే పాత నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టాలనీ వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది. ఆ నారు పీకే ఆడవాళ్లకు అలాంటి సూచన ఒక్కటీ వెలువడదు. తొమ్మిదింటికి మొదలుపెట్టడం, బోరు నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి అవి పారుతున్న మడి నుంచే పని ఎత్తుకోవడం, ఇంటికి పోయే ముందు మార్చుకోవడానికి పొడి చీర తెచ్చుకోవడం. ఇంతకన్నా ఖరీదైన జాగ్రత్త ఇందులో లేదు. ఆసామి ఒప్పుకోవాలి, అంతే.

ప్రశ్న: మా మండలంలో చలికి ఎందరు పోతున్నారో పంచాయతీ రిజిస్టర్ల నుంచి తీయగలమా? ఎలా? (పంచాయతీ కార్యదర్శి, దేవరకొండ వైపు)

తీయగలరు. అయితే రిజిస్టరులో కారణం గడి చూసి కాదు. ఇంట్లో జరిగిన చావుకు డాక్టరు రాసే 4ఎ ఫారం పల్లెల్లో చాలా అరుదు. "వృద్ధాప్యం", "గుండె" అన్న మాటల నుంచి ఏమీ తేలదు. తేదీలు మాత్రం పనికొస్తాయి.

బ్రిటన్‌లో చాలాకాలం వాడిన పద్ధతి ఇది: డిసెంబరు నుంచి మార్చి దాకా చావులు కూడండి. దాని ముందరి ఆగస్టు-నవంబరు, తర్వాతి ఏప్రిల్-జులై చావులు కూడి రెండుతో భాగించండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే అదనపు మరణాలు వస్తాయి. ఉదాహరణకు ఐదేళ్లు కలిపి చలి నెలల్లో 262, ముందరి నాలుగు నెలల్లో 214, తర్వాతి నాలుగు నెలల్లో 226 అనుకుంటే సగటు 220, అదనం 42. అంటే 19 శాతం.

ఇదే పద్ధతిని మన దగ్గర ఉన్నదున్నట్టు పెడితే తప్పు సమాధానం వస్తుంది. మన మార్చి చలికాలం కాదు. ఏప్రిల్-జులైలో వడదెబ్బ చావులు, ఆగస్టు-నవంబరులో జ్వరాల చావులు ఉంటాయి. పోల్చే నెలలే బరువెక్కి ఉంటే చలి అదనం తేలికగా కనిపిస్తుంది, ఒక్కోసారి సున్నా కూడా వస్తుంది. అందుకని నెలవారీగా రోజు సగటు తీయండి, ఆ నెల చావులను ఆ నెల రోజులతో భాగించాలి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొదటి సగాన్ని చలిగా తీసుకోండి. ఫిబ్రవరిలో సగం కలపమనడం చలి దెబ్బ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి. పోలికకు మార్చిని విడిగా, అక్టోబరును విడిగా పెట్టి రెండు అంకెలూ చూపండి. ఒక్క అంకెకు కుదించాలన్న ఆశ వద్దు.

సాధారణంగా తప్పులు దొర్లేది ఇక్కడ. నమోదు తేదీని చావు తేదీగా తీసుకోవద్దు, నమోదుకు 21 రోజుల గడువుంది, ఆలస్యంగా రాయించేవాళ్లూ ఎక్కువే. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది కాబట్టి హైదరాబాద్ ఆసుపత్రికి పోయి చనిపోయిన మీ ఊరి మనిషి మీ రిజిస్టరులో ఉండడు. బొంబాయికి వలస పోయినవాడూ ఉండడు. ఆ ఇళ్లను ఆశా కార్యకర్తతో కలిసి అడిగి వేరే కాగితం మీద రాసుకోవాలి. ఒక్క ఊరి ఒక్క ఏడాది అంకెలతో ఏమీ చెప్పలేరు, మండలం మొత్తం ఐదేళ్లయినా కలపాలి. కొవిడ్ పట్టిన 2020, 2021 వదిలేయండి.

ఏ రోజు ఎంత చలి ఉందో తెలియాలంటే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ కేంద్రాల కనిష్ఠ ఉష్ణోగ్రతలు తీసుకోండి.

పేదరికంతో ముడి చూడాలంటే చనిపోయినవాళ్ల పేరు పక్కన నాలుగు గడులు గీయండి: ఇంటి కప్పు ఏమిటి, ఒంటరిగా ఉండేవారా, చివరి పక్షం రోజుల్లో ఏం పని చేశారు, మందులు ఆపేశారా. ఇక్కడ చాలామంది ఆగిపోయి "పదిమందిలో ఏడుగురు రేకుల ఇళ్లవాళ్లే" అని రాసేస్తారు. ఊళ్లో పదింట ఏడు రేకుల ఇళ్లే అయితే ఆ ముక్కకు అర్థం లేదు. మొత్తం ఇళ్లలో రేకుల ఇళ్లెన్ని, వాటిలో అరవై దాటినవాళ్లెందరన్న అంకె కింద ఉంటేనే పైఅంకె నిలుస్తుంది.

ప్రశ్న: రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకుంటే వెచ్చగా ఉంటుంది కదా? (జడ్చర్ల)

వద్దు. మూసిన గదిలో బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగూ వాసనా ఉండవు. పొగ రావడం లేదంటే ప్రమాదం లేదని కాదు, నిప్పులు కణకణలాడుతున్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వాంతి, మత్తుతో మొదలవుతుంది, నిద్రలో ఉన్నవాడికి ఆ మొదలు కూడా తెలియదు. పడుకునే ముందు గది వెచ్చబెట్టుకుని, కుంపటి బయట పెట్టి, కిటికీ కొంచెం తెరిచి పడుకోవచ్చు.

ప్రశ్న: మా దగ్గర చెంచుల పెంటల్లో (గూడేల్లో), తండాల్లో ముసలివాళ్లు రేకుల ఇళ్లలో కింద పడుకుంటారు. పెద్దగా ఖర్చు లేకుండా ఏం చెప్పగలను? (ఆశా కార్యకర్త, అమ్రాబాద్ మండలం)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంటాయి. రేకుల ఇంట్లో తెల్లవారుజామున లోపలా బయటా ఇంచుమించు ఒకటే. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఇనుప రేకు బయటి గాలికన్నా చల్లబడుతుంది. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి తేమ దానికి పట్టి నాలుగైదు గంటలప్పుడు చుక్కలుగా పక్క మీద పడుతుంది. ఇల్లు కురుస్తోందని చాలామంది అనుకునేది దీన్నే.

ముందు పక్క సంగతి చూడండి. కప్పుకునేది తక్కువైందని అందరూ దుప్పటి ఇంకోటి అడుగుతారు గానీ, ఒంటి వేడి ఎక్కువగా పోయేది కిందికి. నేల మీద యూరియా సంచుల పట్టా పరవాలి, అది తేమను ఆపుతుంది. దాని మీద రెండు గోనె సంచులు కొసకు కొస కుట్టి, ఎండబెట్టిన వరిగడ్డి నింపి, బెత్తెడు మందం ఉండేట్టు పరవాలి. పడుకుంటే అణిగిపోతుంది కాబట్టి వారానికోసారి విప్పి, గడ్డిని ఎండలో పోసి మళ్లీ నింపాలి. దాని మీద బొంత. పైన గొంగడి ఉంటే అంతకు మించింది లేదు, దక్కని గొర్రె ఉన్ని కొంచెం తేమ పట్టినా వేడి నిలుపుతుంది. పంచిపెట్టే పలుచటి పాలిస్టర్ రగ్గు ఒక్కటే ఉంటే దాన్ని ఒంటికి దగ్గరగా వేసి, పైన బొంత కప్పమనండి. నులక మంచం మీద పడుకునేవాళ్లకు కింది నుంచి గాలి తగులుతుంది, వాళ్లకు కప్పే బొంతకన్నా పరిచే బొంత ముఖ్యం. తలకు తువ్వాలో మంకీ క్యాపో, కాళ్లకు సాక్సులు.

రేకు కింద ఒక జానెడు దిగువన పాత చీరలు కుట్టిన తెరో టార్పాలినో అడ్డంగా కడితే మధ్య గాలి నిలుస్తుంది, చుక్కలు కూడా తెర మీదే ఆగుతాయి. పొయ్యి ఉన్న మూలకు తెరను తీసుకురావద్దు. థర్మకోల్ అసలు వద్దు, అంటుకుంటే విషపు పొగ. గోడకూ రేకుకూ మధ్య సందును ఉత్తరం, తూర్పు వైపు మట్టి-గడ్డి ముద్దతో మూయండి. ఎదుటివైపు పైన ఒక సందు పొగ పోవడానికి ఉంచాలి. ఇటుక బట్టీల దగ్గర ఒరిస్సా కూలీలు పచ్చి ఇటుకలు పేర్చి వేసుకునే గుడిసెలకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ అసలు పని బట్టీ యజమానిది, కప్పుకు మందం టార్పాలిన్, నేలకు పట్టా అతను ఇవ్వాలి.

వేడి నీళ్ల సీసా మంచిదే. మరిగే నీళ్లు కాకుండా చెయ్యి ఓర్చుకునేంత వేడివి పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కలో పెట్టండి. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు కాళ్ల దగ్గర పెట్టవద్దు, కాలినా తెలియదు.

మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో నడుము బిగిసిన వృద్ధుల గురించి రాసినవాళ్లకు కూడా ఇక్కడే: రాత్రి లేవలేమని సాయంత్రం నుంచే వాళ్లు నీళ్లు మానేస్తారు. పగలే ఎక్కువ తాగించి, మంచం పక్కన పాత్ర పెట్టండి.

మీరు ఇంటికి పోయినప్పుడు చెయ్యి పట్టుకుని చూడవద్దు, చేతులు అందరివీ చల్లగానే ఉంటాయి. పొట్ట మీద చెయ్యి పెట్టండి. పొట్ట కూడా చల్లగా ఉండి, మాట ముద్దగా వస్తుంటే, పిలిస్తే తికమకగా చూస్తుంటే అది ప్రమాదం. పాత పాదరసం థర్మామీటరు 35 డిగ్రీల కింద చూపదు, దాన్ని నమ్ముకుని "టెంపరేచర్ లేదు" అని రాయకండి.

ప్రశ్న: వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్లో పోసి రాత్రిళ్లు కుప్ప దగ్గరే పడుకోవాలి. మా నాయనకు అరవై దాటింది, బీపీ ఉంది. ఏ జాగ్రత్తలు? (తిప్పర్తి)

మొట్టమొదట, కావలికి ఆయన్ను పంపకండి. తప్పనప్పుడే మిగతావి.

తేమ 17 శాతానికి దిగితేగానీ కాంటా కాదు, పొద్దున మంచు పడితే వడ్లు ఆరవు, ఆరకపోతే రాత్రులు పెరుగుతాయి. కాబట్టి ఒక్క రాత్రికని పోయినా పది రాత్రులకు సరిపడా సర్దుకుని పోవాలి. వడ్ల మీద గానీ ఉత్త టార్పాలిన్ మీద గానీ పడుకోవద్దు, గన్నీ సంచులు నాలుగు మడతలు పరవండి, మంచం ఉంటే ఇంకా మంచిది. గాలి కొట్టే వైపు కుప్ప అడ్డం ఉండాలి. రోడ్డు మీద ఆరబోసినచోట పడుకోవడం చలికన్నా ముందు లారీతో ప్రమాదం.

చలికని రెండు పెగ్గులు వేస్తారు. ఒంట్లో వేడి పుట్టినట్టు అనిపించేది చర్మానికి రక్తం వచ్చినందుకు, ఆ రక్తంతోపాటు లోపలి వేడి బయటికి పోతుంది, వణుకు కూడా తగ్గుతుంది. వణుకే ఒంటి హీటరు, దాన్ని ఆపుకోకూడదు.

బీపీ గోళీ జేబులో పెట్టుకుని పోవాలి. తెల్లవారి లేవగానే బస్తాలు ఎత్తవద్దు. గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా, చలిలో చేసే బరువు పని దాన్ని తోస్తుంది. లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, ఎండ తగిలాక కాంటాకు పోవచ్చు. రొమ్ములో బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, చలిలోనూ చెమటలు పోయడం కనిపిస్తే గ్యాస్ గోళీ వేసి పడుకోబెట్టకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మకు చలికాలంలో బీపీ ఎక్కువ చూపిస్తోంది. గోళీ రెండు చేయనా? (నకిరేకల్)

మీ అంతట మీరు చేయకండి. చలికాలంలో పై అంకె సగటున 5 పాయింట్ల దాకా పెరగడం మామూలే. కొందరికి ఇంకా ఎక్కువ. వారానికి రెండుసార్లు ఒకే సమయంలో, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు చూసి రాసుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. నాట్ల పనిలో పడి నెల మందులు తెచ్చుకోకపోవడం దీనికన్నా పెద్ద సమస్య.

ప్రశ్న: కోడలికి నెల తక్కువ కాన్పు, బాబు 1.9 కిలోలు. ఇంటికి పంపారు. చలికి భయంగా ఉంది. (నాగర్‌కర్నూల్)

బిడ్డకు హీటరు తల్లి రొమ్మే. బాబుకు టోపీ, సాక్సులు, గుడ్డ డైపరు తప్ప ఏమీ వేయకుండా, రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్లు ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ కొంచెం పైకి ఉండేట్టు పడుకోబెట్టాలి. పైన చున్నీతో ఇద్దరినీ కలిపి కట్టాలి. ముక్కు కనిపిస్తూ ఉండాలి. తల్లి వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. రోజుకు కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మేలు. తల్లి అలిసిపోతే తండ్రి, మీరు కూడా చేయవచ్చు, రొమ్ముకు రొమ్ము తగలడమే కావాలి.

డాక్టరు చెప్పేదాకా స్నానం వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సాంబ్రాణి పొగ అసలు వేయకండి. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి మొదలైందని. రెండూ చల్లగా ఉండి పాలు తాగకపోతే ఆ క్షణమే జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగానికి పోవాలి. దారిలో కూడా రొమ్ము మీదే ఉంచండి.

ప్రశ్న: బస్టాండు దగ్గర తెల్లవారి ఒకాయన బిగుసుకుపోయి కనిపించాడు. అలాంటప్పుడు ఏం చేయాలి? మున్సిపాలిటీకి బాధ్యత లేదా? (మహబూబ్‌నగర్)

108కి చెప్పి, గాలి తగలని చోటికి మెల్లగా జరపండి. మెల్లగా అన్నది ఊరికే కాదు, బాగా చల్లబడిన గుండె కుదుపుకు లయ తప్పుతుంది. తడి బట్టలు తీసి పొడివి కప్పండి. నేలకూ ఒంటికీ మధ్య అట్టలో సంచులో వేయండి. వెచ్చబెట్టాల్సింది రొమ్మూ పొట్టా మెడా, చేతులూ కాళ్లూ కాదు. చేతులు కాళ్లు రుద్దితే అక్కడి చల్లటి రక్తం గుండెకు పోతుంది. మంట దగ్గరికి లాగవద్దు, మందు పోయవద్దు. స్పృహ ఉండి మింగగలిగితే చక్కెర వేసిన వేడి చాయ్ ఇవ్వండి. నాడి దొరకలేదని చనిపోయాడని తేల్చకండి. చల్లబడ్డ మనిషి శ్వాస నిమిషానికి నాలుగైదు సార్లే ఉండవచ్చు, కాబట్టి పూర్తిగా ఒక నిమిషం చూడండి. అసలు లేకపోతే రొమ్ము నొక్కడం మొదలుపెట్టి, ఆసుపత్రిలో ఒంటిని వెచ్చబెట్టేదాకా ఆపవద్దు.

బాధ్యత ఉంది. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రతి లక్ష పట్టణ జనాభాకు వంద మందికి సరిపడే, ఏడాది పొడవునా నడిచే షెల్టరు ఉండాలి. పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు మనిషికి 50 చదరపు అడుగులు ఇవ్వాలన్నాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ లక్ష దాటిన ఊళ్లే. అర్జీ పెట్టాల్సింది మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) అధికారికి. షెల్టరు ఎక్కడుందని మాత్రమే కాదు, ఎన్ని పక్కలున్నాయి, రాత్రి ఎంతమంది పడుకుంటున్నారు, బస్టాండు నుంచి ఎంత దూరం అని అడగండి. ఊరి చివర కట్టిన షెల్టరులో హమాలీ పడుకోడు, తెల్లారి నాలుగింటికి లోడు దింపే చోటే అతని పక్క.

ప్రశ్న: చలికి చనిపోతే ప్రభుత్వం నుంచి పరిహారం వస్తుందా? (కల్వకుర్తి)

కాగితం మీద దారి ఉంది. విపత్తు సహాయ నిధి వర్తించే జాతీయ జాబితాలో శీతల గాలులున్నాయి, మరణానికి 4 లక్షలు. తమాషా ఏమిటంటే 2025 నాటికి వడదెబ్బ ఆ జాతీయ జాబితాలో లేదు, తెలంగాణ దాన్ని 2025లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించుకోవాల్సి వచ్చింది. అయితే చావుకు కారణం అధికారికంగా ధ్రువీకరించాలి. 13 డిగ్రీల రాత్రిని శీతల గాలులుగా ప్రకటించరని పైన చెప్పాం కాబట్టి చాలా అర్జీలు మొదటి మెట్టు మీదే ఆగుతాయి.

ఎక్కితే ఎక్కేది బయట చనిపోయి, పంచనామా జరిగినవి. పోలీసులు ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద శవ పంచనామా చేస్తారు. చలికి చనిపోయిన శవంలో పోస్టుమార్టంలో తేలే గుర్తులు తక్కువ. పొట్ట లోపలి పొర మీద నల్లటి మచ్చలుంటాయి గానీ అన్ని శవాల్లో ఉండవు. కాబట్టి పంచనామాలో ఏం రాశారన్నదే కేసు. శవం దొరికిన సమయం, ఒంటి మీద ఏ బట్టలున్నాయి, అవి తడిగా ఉన్నాయా, కింద ఏం పరిచి ఉంది, పక్కన మందు సీసా ఉందా, ఆ రాత్రి మండల కేంద్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత. ఈ వివరాలు పంచులు సంతకం పెట్టే ముందే రాయించండి. పోస్టుమార్టం లేకుండా దహనం చేస్తే తహసీల్దారుకు ఇవ్వడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.